ఈశాన్యం మూల గస్తీ

నేను చేసిన పనికి సరైన పేరు లేదు. మా ఇంట్లోవాళ్లు "తాళాలు చూసే పని" అనేవారు. కార్డు మీద "భద్రతా సలహాదారు" అని అచ్చు వేయించుకున్నాను కానీ, నాచారం పారిశ్రామికవాడలో ఆ కార్డు చూసి ఎవరూ గేటు తీయలేదు. "గోడలు సూసే సారు వచ్చిండు" అని లోపలికి కబురు వెళ్తేనే తీసేవారు. వర్క్‌షాపులు, చిన్న గోడౌన్లు, మందుల టోకు దుకాణాలు ఇవే నా గిరాకీ. దొంగ వస్తే ఏ వైపు నుంచి వస్తాడు, ఎవరి కంట పడతాడు, పోయేటప్పుడు ఎంత మోసుకుపోగలడు అని అంచనా కట్టి, ఏం చేస్తే మంచిదో చెప్పి వచ్చేవాడిని. మోకాళ్లు మాట వినడం మానేసినందువల్ల పోయిన ఏడాది నేనూ ఆ పని మానేశాను.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఉప్పల్‌లో ఒక కంపెనీ స్టోర్సులో చాలాకాలం సామాను చూశాను. ఏ లెక్కా నాకు ఎవరో నేర్పింది కాదు. ఖాళీగా ఉన్నప్పుడు అట్టపెట్టెల మీద కూర్చుని నాకు నేనుగా నేర్చుకున్నదే. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చిన పిల్లలు చేతిలో ట్యాబులతో అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కెమెరా మంచిదని అడుగుతారు. కెమెరాల సంగతి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. అందుకని టీ ఇచ్చి, ఒక ఇత్తడి వర్క్‌షాపు సంగతి చెబుతాను. అక్కడ కెమెరాలున్నాయి, తాళాలున్నాయి, గేటు దగ్గర మనిషి ఉన్నాడు. అయినా సరుకు పోయింది.

ఆ వర్క్‌షాపు నాచారం నుంచి మల్లాపూర్ వైపు వెళ్లే దారిలో, ఒక గల్లీ చివర ఉండేది. కుళాయిలకు, గ్యాసు పొయ్యిలకు వేసే చిన్న చిన్న ఇత్తడి భాగాలు లేతు మిషన్ల మీద కోసేవారు. నడిపేది యాభై దాటిన ఒక మేడం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. భర్త ఆర్డర్ల కోసం ఊళ్లు తిరుగుతుంటే షెడ్డు మొత్తం ఆవిడే చూసుకునేవారు. మాట గట్టిది, మనసు చెడ్డది కాదు.

"రెండోసారండీ ఇది," అన్నారు ఆవిడ, నేను కుర్చీలో కూర్చోకముందే. "లేతు మీద కోసేటప్పుడు ఇత్తడి తురుము రాలుతుంది కదా, దాన్ని బస్తాలకెత్తి పెడతాం. కరిగించేవాళ్లు తీసుకెళ్లి కడ్డీలు చేసి మళ్లీ మాకే ఇస్తారు. మాకు అది చెత్త కాదు, సగం ప్రాణం. తాళం పగల్లేదు, గేటు విరగలేదు, బస్తాలు మాయం."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా అమ్మా?"

"అనుమానానికి ఏముందండీ! అదిగో, గేటు దగ్గర కూర్చున్నాడు. నిద్రపోతున్నాడో, కళ్లు మూసుకుని ఊరుకుంటున్నాడో ఆయనే చెప్పాలి. ఒకటో తారీఖు నుంచి సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు మనుషుల్ని పంపుతామన్నారు. మీరు అంతా చూసి, వాచ్‌మన్ పనికిరాడని ఒక కాగితం మీద రాసిస్తే మావారికి చూపిస్తాను. ఊరికే తీసేశానంటే ఆయన ఒప్పుకోరు."

అంటే నేను వచ్చింది గోడలు చూడటానికి కాదు, ఒక మనిషిని పంపించడానికి సంతకం పెట్టడానికి. ఆ మనిషి జనగామ వైపు నుంచి వచ్చినవాడు, నలభై ఏళ్లవాడు. గేటు పక్కన ఒక గదిలో సంసారం. గది ముందు టార్పాలిన్ కింద భార్య ఇస్త్రీ బల్ల. చుట్టుపక్కల ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ల చొక్కాలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. అతని ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే బల్ల పోతుంది. ఒక కాగితంతో రెండు జీతాలు, ఒక ఇల్లు పోతాయి.

గేటు దగ్గరికి వెళ్లేసరికి అతను లేచి నిలబడ్డాడు. నేనెందుకు వచ్చానో అతనికి తెలుసు.

"సార్, నేను పండుకోను. పగటిపూట పండుకుంట, అది నిజమే. రాత్రి మాత్రం కన్ను మూయ. కావాల్నంటే మా ఆమెను అడుగుండ్రి."

ఇస్త్రీపెట్టె ఆపకుండానే ఆమె అందుకుంది: "నన్నడుగుడెందుకు సార్, గల్లీల ఎవర్నన్న అడుగుండ్రి. ఈయన పండుకుంటె గురక చౌరస్త దాక ఇనవడ్తది. కుక్కలు గూడ మొరుగుడు బంద్ జేస్తయి."

సాక్ష్యం నాకు నచ్చింది. కానీ గురక లేదని రాసిస్తే మేడం ఊరుకోరు.

నా పద్ధతి మీకు చెప్పాలి. ఒక ఆవరణకు నాలుగు వైపులుంటాయి. ప్రతి వైపుకూ మూడు ప్రశ్నలు వేసుకుంటాను: లోపలికి రావడం ఎంత కష్టం, వస్తే ఎవరికి కనబడతాడు, బరువుతో బయటపడటం ఎంత కష్టం. మూడింటినీ కలిపి ఆ వైపుకు పదికి మార్కులు. తక్కువ మార్కులు వచ్చిన వైపే దొంగ వైపు. స్కూలు పిల్లాడి పద్ధతిలా ఉంటుంది కానీ, నన్ను పెద్దగా మోసం చేయలేదు.

ఆ రోజు తిరిగి చూస్తే పడమర గేటు, దాని పక్కనే వాచ్‌మన్. దక్షిణాన పక్క ఫ్యాక్టరీ పెద్ద గోడ, బల్లి కూడా జారిపడేలా ఉంది. ఉత్తరాన గల్లీ, ఎత్తైన గోడ, మీద గాజుపెంకులు. తూర్పు వైపు జనరేటర్ షెడ్డు దాటాక సన్నటి దారి. ఆ చివర, ఈశాన్యం మూల, పసుపు పూసిన ఇటుకల వరుస, దాని వెనక చిన్న వినాయకుడి గూడు. శుభ్రంగా సున్నం కొట్టి, మందారాలు పెట్టి ఉంది. షెడ్డు దగ్గర నిలబడి చూశాను, బాగుందనుకున్నాను, దండం పెట్టుకుని వెనక్కి తిరిగాను. దానికి పదికి ఏడు వేశాను.

కెమెరాలు కూడా చూశాను. ఒకటి గేటు మీద, ఒకటి ఆఫీసులో, మిగతావన్నీ లేతుల మీద, టీ తాగే అరుగు మీద. మేడం ఫోనులో టీ తాగేవాళ్ల మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఆ అరుగు మీదే పరిచయమయ్యాడు లేతు నడిపే పెద్ద టర్నరు. భువనగిరి వైపు మనిషి, షెడ్డులో అందరికన్నా పాతవాడు, పొట్ట కాస్త ముందుకు, మాట ఇంకాస్త ముందుకు. టీ గ్లాసు నా చేతికిచ్చి కెమెరా వైపు చెయ్యి ఊపాడు.

"సూడన్న, ఛాయ్ తాగెటోళ్లను సూడనీకె పెట్టిన్రు ఇది. ఇత్తడి ఎత్కపోయెటోడు మాత్రం ఛాయ్ తాగనీకె ఆగిండా? జర ఆగి ఒక గ్లాసు తాగిపోతె దొరుకుతుండె."

"వాచ్‌మన్ సంగతేంది అన్నా, మంచోడేనా?"

"మంచోడే. మంచోడు గాకపోతె బాగుండు, జర తెలివన్న ఉండేది." నవ్వాడు కానీ, ఆ నవ్వు వెంటనే తగ్గించాడు. "ఆయిన పోతె ఆ ఇస్త్రీ బల్ల గూడ పోతది అన్న. మీరు రాసేటప్పుడు జర సోంచాయించి రాయుండ్రి."

ఇంటికి వచ్చి మార్కులు కూడితే తేడా వచ్చింది. అన్ని వైపులా ఏడు, ఎనిమిది. అన్ని వైపులా అంత బాగుంటే ఆ బస్తాలు ఆకాశంలోకి లేచిపోయి ఉండాలి. తేడా వచ్చిన లెక్కను అలాగే వదిలేయడం నాకు చేతకాదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. ఈసారి నేను తిరగలేదు. "రాత్రి ఎట్లా గస్తీ తిరుగుతావో అట్లనే ఒకసారి తిరుగు తమ్మీ, నేను వెనక వస్తా," అన్నాను వాచ్‌మన్‌తో.

మనిషి బుద్ధిగా బయలుదేరాడు. గేటు తాళం లాగి చూశాడు. ఉత్తరం గోడ పక్కనే నడిచాడు. మూలమూలకూ టార్చి వేసినట్టు చెయ్యి చాపి నాకు చూపించాడు. జనరేటర్ షెడ్డు దాకా వచ్చి ఆగాడు. గూడు వైపు చేతులు జోడించాడు. వెనక్కి తిరిగాడు.

"ఇక్కడి నుంచే తిరిగినవేంది తమ్మీ?"

"బూట్లు సార్."

"బూట్లయితే?"

"దేవునికాడికి బూట్లతోని పోతమా సార్?" నా కాళ్ల వైపు చూశాడు. "మీరు గూడ నిన్న గీడికెల్లే మల్లిన్రు గదా."

నిజమే. ఆ మూలకు ఏడు మార్కులు వేసిన పెద్దమనిషి కూడా లేసుల బూట్లలోనే ఉన్నాడు.

షెడ్డు గోడకు ఆనుకుని అతను మిగతాది చెప్పాడు. అంతకుముందు అతనికి చెప్పులు ఉండేవి. ప్రతి గస్తీకీ అక్కడ చెప్పులు విడిచి, గూడు దాకా వెళ్లి, దండం పెట్టుకుని వచ్చేవాడు. తర్వాత మేడం యూనిఫారం కుట్టించారు. ఏజెన్సీవాళ్లలా దర్జాగా కనబడాలని నల్ల బూట్లు కొనిచ్చారు.

"గింత పొడుగు లేసులు సార్. ఇప్పాలె, మల్ల కట్టాలె, మల్ల ఇప్పాలె. రాత్రికి ఎన్నిమాట్ల ఇప్పుత? గీడ నిలవడి సూస్తె గూడు కనవడ్తది, అంత మంచిగనే ఉంటది. మల్లొస్త."

"మేడంతో చెప్పాల్సింది కదా."

"ఏం జెప్త సార్? కొత్త బూట్లు కొనిచ్చింది. మంచిగలేవంటె ఎట్లుంటది?"

నేను అక్కడే కూర్చుని బూట్లు విప్పాను. పసుపు ఇటుకల వరుస దాటి మొదటిసారి ఆ మూలకు వెళ్లాను. షెడ్డు దగ్గర నుంచి చూస్తే గూడు మాత్రమే కనబడుతుంది. దాని వెనక ఏముందో కనబడదు. వెనక తురుము బస్తాలు దొంతరగా ఉన్నాయి. ఆ బస్తాల వెనక గోడ, అక్కడికొచ్చేసరికి ఒక్కసారిగా నా ఛాతీ దాకా దిగిపోయింది. గాజుపెంకులు లేవు. అవతల గల్లీలో పక్క యూనిట్‌వాళ్లు సరుకు కింద వేసే పాత చెక్క ప్యాలెట్లు మెట్లలాగా పేర్చిపెట్టారు. దొంగకు ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు?

పెద్ద టర్నరు కూడా చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు.

"బస్తాలు ఇక్కడెందుకు పెట్టిన్రు అన్నా?"

"మేడమే పెట్టమన్నది. దేవుని ముంగట పెడ్తె ఎవడు ముట్టుకుంటడు అన్నది. శనివారం శనివారం మేము చెప్పులిడ్శి మోసుకొచ్చి పెడ్తం. అన్న, ఒట్టేసి చెప్తున్న, మాలో ఒక్కడు గూడ ముట్టుకోడు." గోడ అవతలికి తొంగి చూశాడు. "ఆడు ఎవడోగని, చెప్పులిడ్శి దుంకిండో లేకుంటె ఏస్కునే దుంకిండో!"

ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు, ఒక సగం మరిచిపోవడం తప్ప. దేవుడి ముందు పెట్టిన సొత్తును లోపలి మనుషులు ముట్టుకోరు. ముట్టుకోకపోవడమే కాదు, అటు పోరు, అటు చూడరు. కాపలావాడు కూడా పోడు. గోడ అవతలివాడికి ఆ పట్టింపు లేదు. మంచివాళ్లందర్నీ దూరం పెట్టి, చెడ్డవాడికి ఖాళీ చోటు ఇచ్చిన నియమం అది. ఆ మూలకు వేసిన ఏడు కొట్టేసి రెండు వేశాను. అదైనా వినాయకుడి మొహం చూసి వేసినదే.

మేడంతో చెబితే మొదట ఆవిడకు కోపం వచ్చింది.

"గోడ పెంచమంటారా? ఈశాన్యం గోడనా? స్థలం కొన్నప్పుడు సిద్ధాంతిగారు చెప్పి మరీ తగ్గించారండీ. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. ఆ తర్వాతే మాకు ఆర్డర్లు వచ్చాయి." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నారు: "ఏమనుకోకండి కానీ, ఇదంతా ఆయన నిర్లక్ష్యానికి మీరు సాకు వెతుకుతున్నట్టుగా ఉంది. మెలకువగా ఉన్నవాడికి ఆ మూల కనబడదా? బూట్లు ఏం చేస్తాయండీ మధ్యలో!"

సిద్ధాంతిగారిని పిలిపించారు. ఏఎస్ రావు నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చారాయన. పలచటి మనిషి, భుజాన గుడ్డసంచి. సంచిలోంచి ముందు టేపు తీశారు. ఆ టేపు చూడగానే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నా సంచిలోనూ అలాంటిదే ఉంది. ఇద్దరం ఒకే గోడను కొలిచి, ఒకే కొలత తేల్చి, దాని అర్థం దగ్గర విడిపోయాం.

"ఈశాన్యం నుంచి వచ్చేది లక్ష్మి అండీ," అన్నారాయన.

"వచ్చే దారే పోయే దారి కూడా అయింది సిద్ధాంతిగారూ," అన్నాను.

ఆయన నవ్వలేదు. మేడం కూడా నవ్వలేదు. ఒకటో తారీఖు దగ్గర పడుతోంది. మాటలతో అయ్యే పని కాదనిపించింది. "అమ్మా, ఆదివారం మధ్యాహ్నం ఒక పూట మీరే ఆ కుర్చీలో కూర్చోండి," అన్నాను. "పట్టపగలు. నిద్ర గొడవ లేదు. ఫోనులో కెమెరాలు చూసుకోండి, గస్తీ తిరగండి. ఆ బస్తాల మీద ఒక వస్తువు పెడదాం. ఎవరైనా వచ్చి దాన్ని తీస్తుంటే మీకు కనబడితే, వాచ్‌మన్‌దే తప్పని నేను రాసిస్తాను."

పందెం నాది, పోయేది మాత్రం ఇంకొకరి గది.

ఆదివారం వచ్చింది. లేతులు ఆగిపోయి షెడ్డంతా విచిత్రంగా నిశ్శబ్దంగా ఉంది. మేడం వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నారు, ఫోను ఒళ్లో పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లలాగా నిటారుగా. మోకాళ్ల నొప్పికి డాక్టరు తొడుక్కోమన్న మెత్తటి లేసుల బూట్లు వేసుకుని వచ్చారు. నేను ఆ బూట్లు చూశాను. సిద్ధాంతిగారు ఇంకో కుర్చీలో. బస్తాల మీద పెట్టడానికి వస్తువేదీ దొరక్క ఆయన సంచే అడిగాను.

"నా సంచే దొరికిందా మీకు?"

"ఈశాన్యం నుంచి లక్ష్మి వస్తుందన్నారు కదా, మీ సంచి ఎందుకు పోతుంది?"

ఇచ్చారు. వాచ్‌మన్‌ను, అతని భార్యను నోరు విప్పొద్దని చెప్పి ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆమె ఒక్క చొక్కానే మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేస్తోంది. పెద్ద టర్నరు ముందే గల్లీలోకి వెళ్లిపోయాడు. "ఇన్నేండ్లు పనిజేస్తె సీనియరన్నరు, ఇప్పుడు దొంగనన్నరు, మస్తు ప్రమోషనే ఇచ్చిన్రు," అని గొణుక్కుంటూ.

కాసేపు మేడం ఫోను చూశారు. తర్వాత లేచి గస్తీకి బయలుదేరారు. నేను దూరంగా వెనక నడిచాను. వాచ్‌మన్ కన్నా శ్రద్ధగా చూస్తున్నారు: కిటికీ గొళ్లేలు, షట్టరు, ఉత్తరం గోడ. జనరేటర్ షెడ్డు దగ్గరికి వచ్చారు. ఆగారు. మెడ చాచి గూడు వైపు చూశారు. కళ్లు మూసుకుని రెండు చేతులు జోడించారు. వెనక్కి తిరిగారు.

గేటు దగ్గరికి వచ్చి కూర్చుంటూ అన్నారు: "ఎవరూ రాలేదండీ. కళ్లారా చూసొచ్చాను."

వాచ్‌మన్ తల దించుకున్నాడు. ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

అప్పుడు వీధి గేటు బయట నుంచి ఎవరో గొళ్లెం తట్టారు. తీస్తే పెద్ద టర్నరు. భుజాన సిద్ధాంతిగారి సంచి, చేతిలో సగం తిన్న అరటిపండు.

"అయ్యగారు, మీ సంచిల రెండే పండ్లుండె. ఒకటి తిన్న. ఏమనుకోకుండ్రి, గోడ దుంకెవరకు జర ఆకలైంది."

"అది నైవేద్యానికి తెచ్చిందయ్యా!"

"దేవుని ముంగటనే తిన్న గదా."

మేడం లేచి నిలబడ్డారు. "ఎప్పుడు దూకావు నువ్వు?"

"మీరు రాకముందే మేడం. మీరొచ్చి దండం వెట్టినప్పుడు బస్తాల ఎన్క కూసున్న. ఆ దండం జర నాకు గూడ తాకింది. సల్లగుండు అని మనసుల అనుకున్న."

ఆవిడ ఏమంటారోనని చూస్తున్నాం.

"నేను నిద్రపోలేదే," అన్నారావిడ, ఎవరితోనో కాదు, తనతోనే. "అంతా చూశానే."

"అక్కడి దాకా ఎందుకు వెళ్లలేదమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఎలా వెళ్తానండీ, కాళ్లకు బూట్లు..."

మాట అక్కడ ఆగిపోయింది. తన బూట్ల వైపు చూసుకున్నారు. తర్వాత వాచ్‌మన్ బూట్ల వైపు చూశారు. చాలాసేపు చూశారు. నల్లగా, నిగనిగలాడుతూ, తను కొనిచ్చినవే.

"బిగుతుగా ఉన్నాయా నీకు?" అని అడిగారు.

"లేవమ్మ. మంచిగనే ఉన్నయి." ఒక కాలు వెనక్కి జరుపుకున్నాడు. "లేసులే జర పొడుగు."

ఏజెన్సీ మాట ఆవిడ నోట మళ్లీ రాలేదు. రాయాల్సిన కాగితం గురించి నన్ను అడగనూ లేదు. నేనూ గుర్తు చేయలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర ఆ ఒక్క చొక్కా అంచు కాస్త ఎక్కువ వేడెక్కిన వాసన వచ్చింది. ఆమె గబగబా పెట్టె ఎత్తింది.

ఇక సిద్ధాంతిగారి వంతు. ఆయన సంచి తీసుకుని, చెప్పులు విడిచి, ఆ మూలకు తనే వెళ్లారు. అక్కడి నుంచి ఆయన కేక షెడ్డంతా వినబడింది.

"అమ్మా! ఈ బస్తాలిక్కడ ఎవరు పెట్టమన్నారు? ఈశాన్యంలో గోడ తగ్గించమన్నాను, బరువు తగ్గించమన్నాను. మీరు గోడ తగ్గించి బరువు పెంచారు! బరువు నైరుతిలో కదా ఉండాల్సింది!"

మేడం నావైపు చూశారు. నైరుతిలో ఒక గది ఉంది, ఇనుప తలుపుతో, విరిగిన కుర్చీలతో నిండి. నా లెక్కలో కూడా ఆ ఆవరణ మొత్తంలో అన్నింటికన్నా ఎక్కువ మార్కులు ఆ మూలకే. సిద్ధాంతిగారి శాస్త్రం, నా మార్కులు మొదటిసారి ఒకచోట కలిశాయి. మర్నాడే కుర్చీలు బయటికి, బస్తాలు లోపలికి.

గోడ సంగతిలో ఆయన కాస్త ఆలోచించారు. ఎత్తు పెంచడానికి ఒప్పుకోలేదు. "గాలి, వెలుతురు ఆగకూడదండీ, అదీ అసలు సంగతి," అన్నారు.

"ఇనుప జాలీ అయితే?"

"జాలీ గోడ ఎలా అవుతుంది? దాంట్లోంచి గాలి పోతుంది, వెలుతురు పోతుంది."

"దొంగ పోడు," అన్నాడు పెద్ద టర్నరు. సిద్ధాంతిగారు మొదటిసారి నవ్వారు. జాలీ వేయించడం, పక్క యూనిట్‌వాళ్లతో మాట్లాడి ప్యాలెట్లు తీయించడం, టీ అరుగు మీది కెమెరా ఒకటి విప్పి ఆ మూలకు తిప్పడం, అన్నీ ఒక వారంలో అయిపోయాయి. దేవుడి మీద కెమెరా పెట్టొచ్చా అని మేడం సందేహించారు. "ఆయన మనల్ని చూస్తూనే ఉన్నాడు, మనం ఆయన్ని చూస్తే తప్పేముంది," అని సిద్ధాంతిగారే తేల్చేశారు.

కానీ నా మనసులో అసలు సమస్య తీరలేదు. జాలీలు తుప్పు పడతాయి, కెమెరాలు ఆగిపోతాయి. ఒక మనిషి రాత్రంతా ఆ మూల దాకా నడవాలి, నడిచాడని పొద్దున మేడంకు తెలియాలి. పెద్ద కంపెనీల్లో దీనికి మిషన్లున్నాయి. చిన్న షెడ్డు అంత ఖర్చు పెట్టదు. వెళ్లబోతూ సిద్ధాంతిగారు అన్న ఒక మాట పట్టుకున్నాను: "వినాయకుణ్ని పెట్టారు బాగానే ఉంది, రాత్రి చీకట్లో వదిలేస్తారా? ఒక దీపమైనా లేదే!"

"నేను వెడ్త దీపం," అంది ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఆమె.

"నువ్వు పెట్టు చెల్లె," అన్నాను. "రాత్రంతా అది ఆరకుండ చూసే పని నీ పెనిమిటిది."

ఆ వారం మా ఇంట్లో వంటగది గట్టు మీద ప్రమిదలు వరుసగా పెట్టాను. ఒక్కోదానిలో ఒక్కో కొలత నూనె, ఒక్కో మందం వత్తి. ఏది ఎంతసేపు వెలుగుతుందో పగలంతా గడియారం పెట్టుకుని చూశాను. "దీపావళి ఎప్పుడో ఉంటే ఇప్పుడే మొదలుపెట్టారా?" అంది మా ఆవిడ. ఆమె వత్తులు చేస్తున్నప్పుడు ఒక దూదిపింజ తక్కువైతే కూడా నేను పట్టుకునేసరికి, మూడోరోజు వత్తుల పెట్టె నా ముందే పెట్టి వెళ్లిపోయింది. చివరికి కుదిరింది. ఒక చిన్న ప్రమిద, ఒక చెంచా నూనె, సన్నటి వత్తి: రెండు గంటలకు కాస్త పైన వెలుగుతుంది, ఆ తర్వాత ఉండదు. గస్తీ రెండు గంటలకొకసారి. ప్రతి గస్తీకి ఒక చెంచా పోస్తేనే దీపం తెల్లారేదాకా ఉంటుంది. పెద్ద ప్రమిదలో ఒకేసారి నూనె పోసేస్తే మనిషి పడుకోవచ్చు. ఇందులో అది కుదరదు. దీపం తిరిగి వెలిగించి మోసం చేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చేయొచ్చు. కానీ వినాయకుడి ముందు దీపం కొండెక్కితే ముందు భయపడేది మేడం కాదు, అతనే. నేను లెక్క కట్టింది ఆ భయం మీద.

మేడం నల్ల బూట్లు వెనక్కి తీసుకోలేదు, పగలు గేటు దగ్గరికి అవే ఉంచమన్నారు. రాత్రికి మాత్రం లేసుల్లేని చెప్పులు కొనిచ్చారు. తర్వాత తర్వాత ఆవిడ ఫోనులో చూసేది కూడా మారింది. టీ తాగేవాళ్లను చూడటం తగ్గించి, పడుకునే ముందోసారి, లేవగానే ఓసారి ఆ చిన్న వెలుగు చూసుకునేవారట. "నిద్ర బాగా పడుతోందండీ," అన్నారు ఒకసారి నాతో. ఒక భద్రతా ఏర్పాటుకు అంతకన్నా మంచి మాట నేను ఎక్కడా వినలేదు.

బస్తాలు ఎత్తుకుపోయింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అటు వెళ్తున్నంతకాలం మాత్రం మళ్లీ ఏమీ పోలేదు. ట్యాబులతో వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. కొత్త ఆవరణకు వెళ్తే గోడ ఎత్తు తర్వాత కొలవండి, అక్కడి మనుషులు చెప్పులు ఎక్కడ విడుస్తారో ముందు చూడండి. ఆ గీత దాటి ఏముందో వెళ్లి చూసి రండి.

పని మానేసే ముందు పాత గిరాకీలందరికీ చెప్పి వద్దామని ఒక మధ్యాహ్నం నాచారం వెళ్లాను. ఇస్త్రీ బల్ల అక్కడే ఉంది, టార్పాలిన్ పోయి రేకు వచ్చింది. వాచ్‌మన్ జుట్టు కాస్త నెరిసింది. "ఆఖరిసారి ఒక చుట్టు తిరుగుదామా తమ్మీ?" అన్నాను. ఇద్దరం బయలుదేరాం. గేటు, నైరుతి గది ఇనుప తలుపు, ఉత్తరం గోడ, అన్నీ చూసుకుంటూ జనరేటర్ షెడ్డు దగ్గరికి వచ్చాం. అతని చెప్పులు నడకలోనే జారిపోయాయి, కాళ్లకు అలవాటైపోయింది. గూడు ముందు పగటి వెలుగులో ప్రమిద కడిగి బోర్లించి ఉంది, పక్కన నూనె సీసా, చెంచా.

నేనింకా షెడ్డు మెట్టు మీద కూర్చుని, వంగని మోకాళ్లతో, బూటు లేసు ముడి విప్పుతున్నాను. ముడి బిగుసుకుపోయింది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.

"నిమ్మళంగ ఇప్పుండ్రి సార్," అన్నాడు. "గోడ అవతలోడు అప్పటికే రెండు బస్తాలు ఎత్కపోయి, మూడోదానికి మల్లొస్తుంటడు, గంతే."